ఎర్రమట్టి తిన్న టైర్లు

పొద్దున ఆరింటికి సింధుజ పికప్ స్టార్ట్ చేస్తుంది. ఏడింటికల్లా గనిలో ఉంటుంది. అక్కడ బండలు ఎత్తించుకుని పాలిషింగ్ యూనిట్‌లో దింపుతుంది. యూనిట్‌లో నునుపు చేసిన బండలు ఎత్తించుకుని లారీల అడ్డాలో దింపుతుంది. మళ్ళీ గని, మళ్ళీ యూనిట్, మళ్ళీ అడ్డా. చీకటి పడేసరికి ఇల్లు. జీతం లేదు కాబట్టి దీన్ని కొలువు అనరు. ఇంటి కోడలు బండి నడుపుతున్నది అంటారు. అత్త ఈశ్వరమ్మ వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతుంది, ఇంట్లో కొత్త ఫ్రిజ్ ఉందని చెప్పినట్టు.

బండి ఆమె పెనిమిటి గణేశ్‌ది. నాలుగేళ్ళ కింద డెంగీ జ్వరంతో అతను పోయాడు. పన్నెండు రోజులు కాగానే బండి కాగితాలు బావ యాదగిరి పేరు మీదికి పోయాయి. పదిహేనో రోజున బావ బండికి కొత్త టైర్లు వేయించాడు. తానే స్టీరింగ్ పట్టి ఇల్లు, గని, యూనిట్, అడ్డా, ఇల్లు అని వంద కిలోమీటర్లు నిండేదాకా తిప్పాడు. ఆ తర్వాత తాళంచెవి తెచ్చి మరదలి చేతిలో పెట్టాడు.

తాండూరు పక్కల ఇది అందరికీ తెలిసిన సంగతే. కొత్త టైరు మొదటి వంద కిలోమీటర్లు ఏ దారి తొక్కితే, అరిగి పారేసేదాకా అదే దారి తొక్కుతుంది. ఒకసారి నేర్చిందంటే మళ్ళీ కొత్తది నేర్వదు. అందుకే పెద్దేముల్ ఆటో పెద్దేముల్‌కే పోతుంది, సంత బండి సంతకే పోతుంది. టైర్లు మార్చేనాడు ఇక్కడి మనుషులు పిల్లకు పేరు పెట్టేనాటికన్నా ఎక్కువ ఆలోచిస్తారు. నడిపేవాళ్ళకు కూడా ఆ దారి మెల్లగా కాళ్ళలోకి ఎక్కుతుంది. ఎక్కువ ఏండ్లు నడిపితే ఎక్కువ ఎక్కుతుంది, ఆ టైర్లు విప్పేదాకా దిగదు.

సింధుజకు నాలుగేండ్లది ఎక్కింది.

వికారాబాద్‌లో ఒక బడి ఉంది. బడి మేనేజర్ విజయ్‌కుమార్ బస్సు నడిపే ఆడమనిషి కోసం వెతుకుతున్నాడు. జీతంతో పాటు బడి ఆవరణలోనే ఒక గది ఇస్తాడు. సింధుజ బిడ్డ అక్షర అక్కడే చదువుకోవచ్చు. కావాల్సిందల్లా పెద్దబండి లైసెన్సు. లారీల అడ్డాలో బిచ్చయ్య అనే ముసలి డ్రైవరు మధ్యాహ్నం పూట తన లారీ ఇచ్చి ఆమెకు నేర్పాడు. "బిడ్డా, నీకు చెయ్యి మంచిగున్నది. నా కొడుకులకే రాలే" అన్నాడు. ఇక టెస్టు వికారాబాద్‌లో.

మొదటి తారీఖున పొద్దుటి ప్యాసింజర్ ఎక్కింది. ధారూర్ స్టేషన్ రాగానే ఆమె కాళ్ళు లేచి నిలబడ్డాయి. రైలు దిగాయి. పట్టాలు దాటి, తాండూరు పోయే రైలు ఎక్కి, ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాయి. పక్కన సీతాఫలాల గంపతో కూర్చున్న ఒకామె సింధుజ మొహం చూసి అడిగింది.

"టైర్లా?"

"అవును."

"ఎన్నేండ్లు?"

"నాలుగు."

"అయ్యో" అని ఒక సీతాఫలం చేతిలో పెట్టింది.

రెండో తారీఖున బస్సు ఎక్కితే కాళ్ళు పెద్దేముల్ దాటనియ్యలేదు. విజయ్‌కుమార్ ఫోన్‌లోనే నిట్టూర్చాడు. "ఇంకొక్కసారి చూస్తం అమ్మా. వచ్చే బేస్తవారం. అప్పటికి కాకుంటే వేరేటోళ్ళను పెట్టుకుంట. బడి పిల్లలు ఆగరు గద."

సింధుజ బావను అడిగింది. "బావా, టైర్లు మార్పియ్యి. నాకు వికారాబాద్‌ల పని పడ్డది."

యాదగిరి అప్పుడు ఉప్మా తింటున్నాడు. కొత్తిమీర ఏరి పక్కన పెట్టి నవ్వాడు. "టైర్లకు పట్టిన దారి, సింధుజా. నేనేం చేస్త?"

ఆ మాట ఎంత మెత్తగా అన్నాడంటే, వినేవాళ్ళకు జాలి కూడా వినిపించేది.

సోమవారం నాడు గని దారిలో బండ అంచు కోసి వెనక టైరు పగిలింది. పక్కగోడ జానెడు చీలి లోపలి తీగలు బయటికొచ్చాయి. మిగిలిన మూడూ బోడిగుండ్లే. ఇక కొత్తవి వేయించక తప్పదు.

"మంచిగ చూసి తేరా" అంది ఈశ్వరమ్మ కొడుకుతో. "మల్ల దారి నువ్వే నేర్పియ్యి. ఆడది, బండి, రెండూ ఇంటికి మర్లాలె."

సింధుజ అంట్లు తోముతూ విన్నది. గిన్నెకు అడుగంటిన మాడు మీద పీచు కాస్త గట్టిగా తిరిగింది.

బుధవారం యాదగిరి, సింధుజ చంద్రప్ప టైర్ల దుకాణానికి పోయారు. చంద్రప్ప కర్ణాటక వైపు నుంచి వచ్చి ముప్పై ఏండ్లయింది. తెలుగు వచ్చింది గానీ కోపం, జాలి ఇంకా కన్నడలోనే పడుతుంటాయి. దుకాణం ముందర పాత టైర్ల కుప్ప. దగ్గరికి పోతే సన్నగా రొద వినిపిస్తుంది. షోలాపూర్ తిరిగినవి షోలాపూర్ వైపు, గుల్బర్గా తిరిగినవి గుల్బర్గా వైపు ఒరిగి ఉంటాయి. చంద్రప్ప వాటిని గొలుసు వేసి కట్టి పెడతాడు.

"రోడ్డు టైర్లు చూపియ్యి" అన్నాడు యాదగిరి.

చంద్రప్ప సన్నగీతల టైరు దొర్లించుకొచ్చాడు. "సప్పుడు చెయ్యదు, డీజిల్ తక్కువ తాగుతది. కానీ సేటూ, గని దారికి ఇది బ్యాడ, వద్దు. బండ అంచు తగిలిందంటే నెలకే చీలుతది. వానాకాలం నల్లరేగడిల దిగిందంటే గీతలన్ని బురదతోని పూడిపోతయ్. గుండు లెక్క జారుడే."

"మరి?"

"మట్టికి, రాళ్ళకు, తారుకు, అన్నిటికి పనికొచ్చేటివి ఉన్నయ్. పెద్దవి. దిమ్మెలు చూడు ఎట్లున్నయో! నడుమ సందుల నుంచి బురదను అదే కక్కేస్తది. పక్కగోడ మందం. జర సప్పుడుంటది, మైలేజ్ జర తగ్గుతది. స్టీరింగ్ పూరా తిప్పితే లోపలి రేకుకు రాసుకుంటది, గక్కడ కోసియ్యాలె. ఒక్కపూట పని."

గోడవారగా ఐదు నిలబడి ఉన్నాయి. సింధుజ నడుము దాకా వస్తాయి. ఆమె దగ్గరికి పోయి పక్కగోడ మీది అక్షరాలు చదివింది. ఇంట్లో పేపరు, పొట్లం కాగితం, మందుల చీటీ దేన్నీ చదవకుండా వదలని మనిషి, టైరును వదులుతుందా? ఏ వారంలో తయారైందో నాలుగంకెల్లో ఉంది. ఏడాది కాలేదు. ఎంత బరువు మోస్తుందో చూసింది. కార్లకు వేసే పెద్ద టైర్లు బండల బరువుకు ఆగవు. ఇవి ఆగుతాయి. పికప్‌కు సరిపోయేవే. తర్వాత దిమ్మెల నడుమ వేలు పెట్టింది.

వేలికి మట్టి అంటింది. ఎర్రగా.

తాండూరులో నల్లమట్టి ఉంటుంది, బండల తెల్లదుమ్ము ఉంటుంది. ఆ ఎరుపు ఇక్కడిది కాదు. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టది. టైరు ఆమె అరచేయి కింద సన్నగా వణికింది, పిల్లి గుర్రుమన్నట్టు.

"గవా?" అన్నాడు చంద్రప్ప. "గవి కొత్తయే సేటూ, కానీ ఒక సంగతి చెప్పాలె. వికారాబాద్‌ల ఒకాయన జీపుకు ఏసిండు. సప్పుడు సయిస్తలేదని…"

యాదగిరి ఫోన్ మోగింది. అతను చెయ్యి అడ్డం పెట్టి "ఆగు" అన్నట్టు చూపించి, గనిలో ఎవరినో తిట్టడం మొదలుపెట్టాడు. చంద్రప్ప సింధుజ వైపు చూశాడు. ఆమె వేలును చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది. తుడుచుకుంటూ అతన్నే చూసింది. చంద్రప్పకు ఆమె నాలుగేండ్లుగా తెలుసు. ఆమె గాలి కొట్టించుకోను వచ్చినప్పుడల్లా చౌరస్తా అవతలికి చూసే చూపు కూడా తెలుసు. ముసలాయన నోరు తెరిచి, మూసి, తమలపాకు వెతుక్కున్నాడు.

ఫోన్ పెట్టేసి యాదగిరి "ఊఁ, ఏమంటున్నవ్?" అన్నాడు.

"గవి వద్దు బావా" అంది సింధుజ తొందరగా. "మస్తు పెద్దగున్నయ్. నాకు స్టీరింగ్ బరువైతది. ఎక్కుడు దిగుడు కష్టం. గా సన్నగీతలయే తీసుకో."

ఈ నాలుగేండ్లలో ఆమె కావాలన్నది యాదగిరి ఒక్కటీ తెచ్చి ఎరగడు. చాయ్‌పత్తా కూడా ఆమె ఎర్రడబ్బా అంటే పచ్చడబ్బా తెస్తాడు. దాన్ని తన తెలివి అనుకుంటాడు.

"నీకేమెర్క టైర్ల సంగతి?" అన్నాడు. పెద్ద టైర్ల ముందు నిలబడి మీసం సవరించుకున్నాడు. ఆ ఎత్తు బండి గనిలోకి దిగుతుంటే పక్క గనివాళ్ళు తలలెత్తి చూడటం అతని కండ్ల ముందు ఆడింది. "ఇవే ఎక్కియ్యి చంద్రప్పా. ఐదోది కూడ. స్టెప్నీ లేకుంటే బండికి ఇజ్జత్ ఉండదు."

"నీ ఇష్టం బావా" అంది సింధుజ, మొహం ముడుచుకుని.

ఆ సాయంత్రం పాత టైర్లు విప్పుతుంటే ఆమె అక్కడే నిలబడి చూసింది. నాలుగో చక్రం కిందికి దిగగానే మోకాళ్ళ కింద ఏదో ముడి వదిలినట్టయింది. ఇంటికి నడిచి పోయింది. దారిలో ఊరికే, చూడటానికి, ఎడమ పక్క గల్లీలోకి నాలుగడుగులు వేసింది. కాళ్ళు ఏమీ అనలేదు.

మరునాడు బేస్తవారం పొద్దున ఎనిమిదింటికి యాదగిరి నిమ్మకాయలు, గుమ్మడికాయ, కొబ్బరికాయ పట్టుకుని సింధుజతో చంద్రప్ప దుకాణం ముందున్న బండి దగ్గరికి వచ్చాడు. చక్రానికొక నిమ్మకాయ పెట్టి, మిగతావి వంద నిండాక కొట్టొచ్చని బండిలోనే ఉంచి, పక్క సీటులో కూర్చున్నాడు. "నడిపేది నువ్వు. నీకే పట్టాలె. నేను పక్కనుండి లెక్క చూస్త. వంద నిండేదాకా ఇల్లు, గని, యూనిట్, అడ్డా. పా."

టెస్టు కాగితాలు సీటు కింది పట్టా అడుగున ఉన్నాయి. ఆమె గేరు వేసింది. నిమ్మకాయలు చితికాయి.

చౌరస్తా వచ్చింది. గనికి పోవాలంటే ఎడమకు తిరగాలి. స్టీరింగ్ ఆమె చేతుల్లోంచి జారి, వెన్నలో కత్తి తిరిగినట్టు కుడికి తిరిగింది.

"ఏయ్, ఎటు?"

సింధుజ రెండు చేతులూ పైకెత్తి చూపించింది. "నేను తిప్పుతలేను బావా."

బండి పెద్దేముల్ రోడ్డెక్కింది. పెద్ద టైర్లు తారు మీద తేనెటీగల తుట్టెలా రొద పెట్టాయి. యాదగిరి చంద్రప్పకు ఫోన్ కొట్టి అరిచాడు. "ఏం టైర్లిచ్చినవ్‌రా?"

"చెప్పవోయిన గద సేటూ, నువ్వు ఫోన్‌ల ఉంటివి. అవి గుట్ట ఎక్కి దిగుడు నేర్చినయ్. మస్తు మంచిగ నేర్చినయ్."

పెద్దేముల్ దాటాక "ఆపు" అన్నాడు. బ్రేకు బాగానే పడింది. అతను దిగి, ఆమెను జరిపి, స్టీరింగ్ తాను పట్టి తాండూరు వైపు తిప్పాడు. బండి రోడ్డు మీద గుండ్రంగా తిరిగి మళ్ళీ వికారాబాద్ వైపే నిలబడింది. ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి తిరిగింది. జొన్నచేను గట్టు మీద కూర్చున్న గొర్రెల కాపరి నర్సప్ప బీడీ తీసి "కొత్త టైర్లా సేటూ?" అని మర్యాదగా అడిగాడు.

"దిగి ఆటోల ఇంటికి పో బావా. నేను చూసుకుంట" అంది సింధుజ.

"బండి నీకిడిచి పోవాల్నా? నువ్వు యాడికి పోతవో ఎవనికెర్క?" మళ్ళీ పక్క సీటులోకి జరిగి తలుపు గట్టిగా వేసుకున్నాడు. గొళ్ళెం కూడా వేసుకున్నాడు.

గుట్ట ఎక్కుతుంటే రోడ్డు పక్కన మట్టి ఎర్రబడింది. టైర్లు ఒక్కో మలుపునూ పేరు పెట్టి పిలుస్తున్నట్టు తిరిగాయి. యాదగిరి డ్యాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నాడు. చిన్నగా, ఆమెతో కాదు అద్దంతో అన్నట్టు అన్నాడు. "ఏమన్న చెయ్యి సింధుజా."

ఆమె అతని వైపు తిరిగింది. అతను అన్న రోజు నుంచి నోట్లో ఉంచుకున్న మాట కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"టైర్లకు పట్టిన దారి, బావా. నేనేం చేస్త?"

గుట్ట దిగి వికారాబాద్‌లోకి వచ్చారు. రోడ్డు పక్కన టెస్టు పెట్టే మైదానం, సున్నంతో గీసిన గీతలు, ఇంకా ఏ దారీ నేర్వని కొత్త టైర్ల పసుపుపచ్చ బడి బస్సు, దాని పక్కన గడియారం చూసుకుంటున్న విజయ్‌కుమార్ కనిపించారు. బండి ఆగకుండా పోతూనే ఉంది. టైర్లకు దారి తెలుసు. ఎక్కడ ఆగాలో వాటికేం తెలుసు? ఆ ఒక్కటీ ఆమె పాదం కింద ఉంది. సింధుజ బ్రేకు తొక్కింది.

కాగితాలు తీసుకుని దిగింది. ఎర్రమట్టిలో పాదం పడింది. ఒక క్షణం ఆగి చూసుకుంది. కాళ్ళు ఎటూ పోలేదు, ఆమె చెప్పేదాకా ఆగాయి.

"తాళంచెవి బండికే ఉన్నది బావా. నీ బండి, నీ ఇష్టం. సాయంత్రం రైల్ల వచ్చి అక్షరను తీస్కపోత. అత్తకు చెప్పు."

"నేను చెప్త, నేను చెప్త! ముందు బండి తాండూర్‌కు కొట్టి, తర్వాత చెప్త నీ సంగతి!" అంటూ యాదగిరి స్టీరింగ్ వెనక్కు దూరాడు. పికప్ సర్రున బయలుదేరి, గుట్ట వైపు పోయింది.

టెస్టు చూసే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అట్ట పట్టుకుని బస్సులో పక్కన కూర్చున్నాడు. సింధుజ బస్సును గీతల నడుమ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతుండగా, రోడ్డు మీద పికప్ గుట్ట దిగి వచ్చింది. కిటికీలోంచి యాదగిరి ఏదో అరిచాడు. ఊర్లోకి పోయి, తిరిగి, మళ్ళీ గుట్టకు పోయింది. ఆమె బస్సును వెనక్కి తీసి కర్రల మధ్య నిలబెడుతుండగా రెండోసారి దిగి వచ్చింది. ఈసారి అరవలేదు. మూడోసారి వచ్చేసరికి యాదగిరి చేతులు స్టీరింగ్ మీద కూడా లేవు. ఒళ్ళో గుమ్మడికాయ పెట్టుకుని ముందుకు చూస్తూ పోయాడు.

"ఎవరమ్మా ఆయన?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"మా బావ, సార్. కొత్త టైర్లు."

"అట్లనా" అని అతను తల ఊపి, అట్ట మీద ఆమె పేరుకెదురుగా టిక్కు కొట్టాడు.