ఎల్వుడ్ ముక్కు

హాలీ చెరువు మీద ఎల్వుడ్ ముక్కుకున్న పరువు ఆ ఊరి పాస్టరు గారి మాటకు కూడా లేదు. మే నెలలో బ్రిమ్ చేపలు గుడ్లు పెట్టే చోట నీళ్ళ మీద కోసిన పుచ్చకాయ వాసన తేలుతుంది. ఆ వాసన పట్టగలిగినవాడి పడవ ముందు, మిగతా పడవలన్నీ వెనక. పెళ్ళయిన కొత్తల్నుంచీ ముందు పడవ ఎల్వుడ్‌దే.

ఈ చలికాలం పట్టిన జ్వరం పోతూ పోతూ అతని వాసన పట్టే శక్తిని కాస్తా పట్టుకుపోయింది. కాఫీ తాగితే వేన్నీళ్ళు తాగినట్టుంది. ఈ సంగతి భార్య ఐడెల్లాకు కూడా చెప్పలేదు. చెబితే ముందు పడవ పోతుంది, అది పోయాక తాను ఉత్త ముసలాడే కదా అని అతని బెంగ.

అందుకే గాలివాన వస్తే లోలోపల సంతోషించాడు. ఉత్తరపు గాలి రెండు రోజులు చెరువును చిలికి పారేసింది. నీళ్ళు చల్లబడ్డాయి, బురదెక్కాయి. ఈ ఏడు వేట లేదని తప్పించుకుందామనుకుంటే, శనివారం తెల్లారేసరికి ఎండ ఫెళ్ళున కాసింది. సాయంత్రం చర్చిలో చేపల విందు. పడవలన్నీ అతని రేవు దగ్గరికొచ్చి కూర్చున్నాయి.

ఎల్వుడ్ పడవ ముందు భాగంలో నిలబడి, ముక్కుపుటాలెగరేసి, ఏటా చేపలు దొరికే తూర్పు ఒడ్డు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ సైప్రస్ చెట్ల వేళ్ళ మధ్య అందరూ గాలాలకు ఎరగా కీచురాళ్ళు గుచ్చి వేశారు. ఒక్క బెండూ మునగలేదు. నీళ్ళు చూస్తే పాలు తక్కువైన కాఫీలా ఉన్నాయి.

పక్క పడవలోంచి రాస్కో అరిచాడు. "ఏరా ఎల్వుడూ, ముక్కు గానీ ఇంటి దగ్గర మర్చిపోయొచ్చావా?"

"గాలివాన కదరా! వాసన చెదిరిపోయింది, అంతే."

వెనక తెడ్డు పట్టుకున్న ఐడెల్లా గొంతు తగ్గించింది. "ఏమయ్యా, నేను మా చెల్లెలింటి నుంచి వచ్చేసరికి, ఆ స్కంక్ జంతువు చిమ్మిన కంపు కొడుతున్న కుక్కను ఒళ్ళో పెట్టుకుని ముద్దు చేస్తున్నావు."

ఎల్వుడ్ వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"సోమవారం బీన్స్ అడుగంటి నల్లగా మాడిపోతే, అబ్బ ఏం ఘుమఘుమ అన్నావు."

"తెలిసీ అడగలేదేమే?"

"నువ్వే చెబుతావని చూశా. ముక్కు పోతే పోయింది, బుర్ర ఉందిగా! గాలివానకు అవెక్కడ దాక్కుంటాయో నువ్వు చెప్పు. దగ్గరికెళ్తే వాసన నేను చూస్తా."

గుండెల మీంచి బండ దించినట్టయింది ఎల్వుడ్‌కు. ఇన్నాళ్ళూ దొంగ ముక్కు ఎగరెయ్యడంలో పడి, తెలిసిన విషయం కూడా మరిచాడు. బురద కమ్మితే గుడ్లు బతకవు. కాపలా ఉన్న మగచేపలు గూళ్ళొదిలి పక్కనే లోతుకు దిగుతాయి. ఎండ తగిలి నీళ్ళు వెచ్చబడ్డ చోట మళ్ళీ పైకొచ్చి కొత్త గూళ్ళు తవ్వుకుంటాయి. ఉత్తరపు గాలికి అడ్డం, రోజంతా ఎండ, రెండూ ఉన్న చోటు ఒకటే.

"పైన్ తోపు కింద, ఉత్తరపు ఒడ్డు!" అన్నాడు.

అక్కడ నీళ్ళు అప్పుడే తేటపడుతున్నాయి. కాసేపటికి ఐడెల్లా తెడ్డుతో అతని ఎడమ భుజం మీద తట్టింది. ఎల్వుడ్ ఎడమకు చెయ్యి చూపించాడు. గాలం పడీ పడగానే బెండు బుడుంగున మునిగింది. అరచెయ్యంత బ్రిమ్, రాగి రంగు పొట్టతో, చేతిలో కొట్టుకుంది. ఇక చూసుకోండి, పడవ పడవకీ అరుపులే.

"ఎల్వుడ్ ముక్కంటే ముక్కేరా!" అన్నాడు రాస్కో.

ఆ మాట మింగుడుపడలేదు ఎల్వుడ్‌కు. "నా ముక్కు పనిచెయ్యట్లేదురా. చలికాలంలోనే పోయింది. వాసన పట్టింది మా ఆవిడ. రేపట్నుంచి ముందు కూర్చునేది ఆవిడే."

రాస్కో తాపీగా గాలానికి ఇంకో కీచురాయిని గుచ్చుకున్నాడు.

"మాకు తెలుసులేరా. ఆ కుక్కనెత్తుకున్న కోటుతోనే చర్చికొచ్చావు. ఆ ఆదివారం నీ చుట్టుపక్కల బెంచీలన్నీ ఎందుకు ఖాళీ అయ్యాయనుకున్నావు?"

ఎల్వుడ్ నోరు తెరిచాడు. "మరి తెలిసీ పొద్దున్నుంచీ నా వెనకాల ఎందుకు తిరిగార్రా?"

"ఎవరి వెనకాల తిరగమంటావురా మరి?" అన్నాడు రాస్కో, ఎల్వుడేదో అడగకూడనిది అడిగినట్టు.