హ్యాండిల్ తిప్పని డ్రైవరు

ఈత, సైకిలు ఒకసారి వస్తే చచ్చేదాకా మర్చిపోరని అంటారు. బంగార్రాజు విషయంలో ఆ మాట సగమే నిజమైంది. నలభై ఏళ్ల తర్వాత సైకిలెక్కినా మొదటి రోజే పడకుండా మైదానం చుట్టూ తొక్కేశాడు. అంతవరకు బాగానే ఉంది. హ్యాండిల్ మాత్రం తిప్పడు. మైదానం చివర మలుపు వస్తే కాలు కింద పెట్టి, దిగి, సైకిలునే ఎత్తి అటు తిప్పుకుని మళ్లీ ఎక్కేవాడు. ఎదురుగా ఏదైనా అడ్డముంటే ఆగి నిలబడేవాడు, లేదంటే నేరుగా వెళ్లి ఎంతో మర్యాదగా గుద్దేవాడు. పక్కనుంచి పోవచ్చన్న సంగతి ఆయనకు తోచినట్టే ఉండేది కాదు.

టాటానగర్‌లో ముప్పై నాలుగేళ్లు రైలింజను నడిపిన మనిషి కదా మరి. ఇంజనులో సవాలక్ష మీటలు ఉంటాయి కానీ హ్యాండిల్ ఉండదు. పట్టాలు ఎటు పోతే ఇంజను అటు. డ్రైవరుకు మిగిలేవి హారను, బ్రేకు. సైకిలు మీద కూడా బంగార్రాజు ఆ రెండే నమ్ముకున్నాడు. బయల్దేరమని నేర్పే టీచరు పచ్చ జెండా ఊపితే "స్టార్టర్ గ్రీన్" అని పైకి అరిచి మరీ కదిలేవాడు. పక్క సీటులో అసిస్టెంటుకు వినపడేలా సిగ్నలు అరవడం ఆ ఉద్యోగంలో నియమం. ఇక్కడ పక్క సీటూ లేదు, అసిస్టెంటూ లేడు. నవ్వేవాళ్లు మాత్రం చుట్టూ పద్దెనిమిది మంది ఉన్నారు.

అరవై రెండేళ్ల వయసులో ఈ సైకిలు గొడవ ఆయన కోరి తెచ్చుకున్నదేమీ కాదు. రిటైరైన రెండేళ్లలో పొట్ట ముందుకొచ్చింది, షుగరు రెండు వందల ఎనభై దాటింది. మోకాళ్లు అరిగాయి కాబట్టి నడక వద్దు, సైకిలు తొక్కమన్నాడు డాక్టరు. పర్సుడీహ్ మైదానంలో పెద్దవాళ్లకు ఉచితంగా సైకిలు నేర్పుతున్నారని భార్య నూకాలమ్మ కూరగాయల దగ్గర విన్నది. ఆ సాయంత్రమే ఇద్దరి పేర్లూ రాయించేసింది. మొగుణ్ణి ఒక్కణ్ణే పంపితే మైదానం దాకా కూడా పోడని, మధ్యలో టీకొట్టే ఆయన ఆఖరి స్టేషనని ఆవిడకు తెలుసు.

నేర్పేది ప్రసన్న. టెల్కో కాలనీలో ఉంటుంది, స్కూల్లో వ్యాయామం టీచరు. తెలుగింటి పిల్లే అయినా నోరు తెరిస్తే సగం హిందీయే వచ్చేది. ఆరు వారాల శిక్షణ. మొదట సైకిలు మీద నిలదొక్కుకోవడం, తర్వాత బ్రేకులు, చేత్తో సైగలు, బళ్ల మధ్య ఎడం ఎంత ఉంచాలి అన్నవి. ఆఖరి వారం, రోడ్డు రిపేర్లప్పుడు పెట్టే ఎర్ర ప్లాస్టిక్ కోన్లు వరసగా పెట్టి, వాటిని తాకకుండా వంకరటింకరగా వెళ్లాలి. దాటినవాళ్లు ఆదివారం పొద్దున అందరితో కలిసి బిష్టుపూర్ దాకా రోడ్డు మీద తొక్కుతారు. దాటనివాళ్లకు రోడ్డు లేదు. ఆ విషయంలో ప్రసన్న ఎవరి మొహమాటానికీ లొంగేది కాదు.

నూకాలమ్మ సంగతి చెప్పాలి. యాభై ఏడేళ్లకు జీవితంలో మొదటిసారి పంజాబీ డ్రస్సు వేసింది, మొదటిసారి సైకిలు పట్టుకుంది. తొలి వారం పదకొండు సార్లు పడింది. పడిన ప్రతిసారీ సైకిలును, డాక్టరును, మొగుడి షుగరును వరసపెట్టి తిట్టి మళ్లీ ఎక్కింది. ఆరో వారానికి ఆవిడ కోన్ల మధ్య నుంచి సందులో పిల్లిలా జారిపోతుంటే, బంగార్రాజు మొదటి కోను ముందు సిగ్నలు పడని గూడ్సులా నిలబడి ఉండేవాడు.

"బంగార్రాజుగారో! అది లెగిసి ఎల్లిపోద్దని సూత్తన్నారేటి?" అని అరిచేవాడు అప్పలరాజు. ఆయనా శిక్షణకు వచ్చేవాడే, ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు.

అందరూ నవ్వేవారు. బంగార్రాజు కూడా నవ్వి, సైకిలు దిగి, రుమాలుతో అరచేతులు తుడుచుకునేవాడు. నవంబరు చలిలో కూడా ఆ చేతులకు చెమటలు పట్టేవి. అది చూసి నూకాలమ్మ షుగరు పెరిగిందేమో అనుకుంది.

గురువారం నాటికి కోన్లు దాటనివాడు బంగార్రాజు ఒక్కడే మిగిలాడు. ప్రసన్నకు ఓపిక అయిపోయింది.

"అరే బాబాయ్, బ్యాలెన్స్ ఫస్ట్ క్లాస్, బ్రేక్ ఫస్ట్ క్లాస్. హ్యాండిల్ మోడియే నా, తిప్పండి! కోన్ అని తేలిగ్గా తీసుకుంటున్నారు. ఓకే, నేనే నిలబడతాను. మనిషినైతే తప్పించుకుని పోతారు కదా?"

మొదటి కోను తీసేసి ఆ చోట తను నిలబడింది. చేతులు కట్టుకుని, నవ్వుతూ, నేరుగా ఆయన మొహంలోకి చూసింది.

బంగార్రాజు కదిలాడు. ఈసారి స్టార్టర్ గ్రీన్ అనలేదు. సగం దూరం వచ్చేసరికి ఆ పిల్ల చూపు తప్ప ఆయనకు మైదానంలో ఇంకేమీ కనిపించలేదు. చేతులు కొయ్యబారిపోయాయి. బ్రేకులు రెండూ బిగబట్టాడు, రెండు కాళ్లూ నేలకేసి ఈడ్చాడు. ముందు చక్రం ప్రసన్న బూటును తాకి ఆగింది. ఆమె కదలలేదు, భయపడలేదు. ఆయన మాత్రం సైకిలు దిగిపోయాడు.

"నా వల్ల కాదమ్మా. ఒగ్గీండి నన్ను" అని, సైకిలు అక్కడే పడేసి, ఎవరి వైపూ చూడకుండా ఇంటిదారి పట్టాడు.

నూకాలమ్మ రెండు సైకిళ్లూ నెట్టుకుంటూ ఇల్లు చేరేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ తిట్టడానికి నోరు తెరిచి, ఆయన మొహం చూసి మూసేసింది.

"ఏటయ్యింది?" అంది పక్కన కూర్చుంటూ.

ఆయన రుమాలు తీసి అరచేతులు తుడుచుకున్నాడు.

"పద్నాలుగేళ్ల కిందట ఒక రనోవర్ అయ్యిందని సెప్పినాను గుర్తుందా?"

ఆవిడకు గుర్తుంది. రైలు కింద ఎవరో పడ్డారని మాత్రమే చెప్పాడు. ఇంటికి రాగానే వాకిట్లోనే నాలుగు బిందెల నీళ్లు పోసుకుని పడుకున్నాడు. అంతకుమించి ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. డ్రైవర్ల ఇళ్లలో ఆడవాళ్లు ఆ మాట రెండోసారి అడగరు.

"పడలేదే ఆడు. పట్టాలు దాటుతుంటే ఆడి సైకిలు సక్రం పట్టాల సందున ఇరుక్కుపోనాది. హారన్ కొట్టినాను. బ్రేకేసినాను. యాబై తొమ్మిది వేగన్లు, నిండా ఇనప రాయి. ఎక్కడాగుద్ది? ఆడు సైకిలు ఒగ్గడు. లాగుతానే ఉన్నాడు. ఆకర్న తలెత్తి నాకేసి సూసినాడు. పక్కకి తిప్పుకో అన్నట్టు సూసినాడే, నూకాలూ."

ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

విచారణలో డ్రైవరు తప్పేమీ లేదని తేల్చారు. ఆ కాగితం ఇంట్లోనే ఎక్కడో ఉంది. వారం తిరక్కుండా మళ్లీ డ్యూటీ ఎక్కాడు, ఇంకో పన్నెండేళ్లు చేశాడు.

"తప్పు లేదన్నారు గదా. మరింకేటి?" అంది నూకాలమ్మ.

"పట్టాల మీద తిప్పడానికేటీ లేదు. అందుకే తిప్పలేదని నాకు నాను సెప్పుకుంటన్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడు సేతిలో హ్యాండిలుంది. మనిషి ఎదురుగా ఉంటే ఈ సేతులు కదలవు. ఇయ్యాల సూసినాను గదా. అంటే, ఆ రోజు హ్యాండిలున్నా నాను తిప్పేవోణ్ణి కాదేమో. ఆడు నా సేతుల వల్లే సచ్చిపోనాడేమో."

"నువ్వు తిప్పేవోడివే."

"నీకెలాగ తెలుసు?"

ఏదో ఒకటి అనేసి ఊరుకోబెట్టడం నూకాలమ్మకు చేతకాదు. మొగుడి వీపు ఒకసారి నిమిరి, లేచి అన్నం వండడానికి వెళ్లింది. పొయ్యి ముందు కళ్లు తుడుచుకుంది. ఈ పద్నాలుగేళ్లూ పక్కనే పడుకున్న మనిషి లోపల ఇంత పెట్టుకుని ఉన్నాడా అని ఆవిడకు బాధతో పాటు కోపం కూడా వచ్చింది.

ఆదివారం తెల్లవారింది. బిష్టుపూర్ వెళ్లేవాళ్లు ఆరింటికి మైదానం దగ్గర చేరాలి. నూకాలమ్మకు అదే మొదటి రోడ్డు ప్రయాణం. బంగార్రాజు కూడా బయల్దేరాడు, సైకిలు తిరిగి ఇచ్చేయడానికి. శిక్షణ వాళ్లు వాడుకోమని ఇచ్చిన సైకిలది. ఇంక తనకెందుకు, అవసరమున్నవాళ్లకు పోతుందన్నాడు. షుగరుకు సూదులు పొడిపించుకుంటాను గానీ దీన్ని మాత్రం ఎక్కనన్నాడు.

"ఎక్కనన్నోడివి నడిపించుకుని పోతావేటి ఆ మోకాళ్లతో? మైదానం దాకా తొక్కు. ఈయేళప్పుడు సందులో ఎవులుంతారు?" అంది నూకాలమ్మ.

అదీ నిజమే. ఇంటి నుంచి మైదానం దాకా తిన్నటి సందు, కొంచెం పల్లం. జనం ఇంకా దుప్పట్లలోనే ఉన్నారు. ఆవిడ హెల్మెట్ బిగించుకుని ముందు వెళ్లింది. ఆయన వెనక. చాలా ఎడం ఉంచాడు. కానీ పల్లంలో సైకిలు దానంతట అదే జోరందుకుంది. ముందు ఆవిడ నెమ్మదించింది. ఎడం తరిగిపోతోందని ఆయన గమనించి బ్రేకు మీద వేళ్లు వేయబోయాడు.

సరిగ్గా అప్పుడే ఇళ్ల మధ్య నుంచి ఒక పంది, దాని వెనక పిల్లలు, సందుకు అడ్డంగా పరుగెత్తుకొచ్చాయి. నూకాలమ్మ కంగారులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కేసింది. అలా నొక్కొద్దని ప్రసన్న ఆరు వారాలు చెవినిల్లు కట్టుకుని చెప్పింది. సైకిలు ఎగిరి అటు పడింది. మనిషి సందు మధ్యలో ఇటు పడింది, తల ఆయన వైపు, మొహం పైకి.

బెల్లు కొట్టేంత వ్యవధి లేదు. బ్రేకు వేసినా ఆగేంత దూరం లేదు. నూకాలమ్మ కళ్లు ఇంత పెద్దవి చేసుకుని ఆయన్నే చూసింది.

తర్వాత ఏం జరిగిందో బంగార్రాజుకు వెంటనే తెలియలేదు. నోటినిండా ఇసుక ఉంది. ఎవరో ఇల్లు కట్టుకోవడానికి సందు పక్కన పోయించుకున్న ఇసుక కుప్పలో బోర్లా పడి ఉన్నాడు. మోకాలు మండుతోంది. సైకిలు చక్రం ఇంకా తిరుగుతోంది. వెనక నూకాలమ్మ గొంతు వినిపిస్తోంది. పందిని తిడుతోంది, పంది కన్నవాళ్లను తిడుతోంది, సైకిలు కనిపెట్టినవాణ్ణి తిడుతోంది. అంత గట్టిగా తిడుతోందంటే ఎముకలన్నీ బాగానే ఉన్నట్టు. ఆ తిట్లు ఆయన చెవులకు ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేం.

చివరికి ఆవిడ తిట్లు మొగుడి దాకా వచ్చాయి.

"ఓలమ్మో! పెళ్లాం రోడ్డుకడ్డంగా పడిపోతే, పక్కనుంచి ఎలిపోతావేటయ్యా!"

బంగార్రాజు లేచి కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. పొద్దుటి మంచుకు తడిసిన మట్టిలో చక్రం జాడ స్పష్టంగా ఉంది. తిన్నగా వచ్చింది, ఆవిడ హెల్మెట్‌కు జానెడు దూరంలో ఒక్కసారిగా పక్కకు ఒరిగింది, ఇసుకలోకి పోయింది.

"తిప్పీసినాను" అన్నాడు. "నూకాలూ, సూడే. తిప్పీసినాను."

నూకాలమ్మ తిట్టడం ఆపింది. తనూ ఆ జాడను చూసింది. అది తన తలకు ఎంత దగ్గరగా వచ్చిందో చూసి హెల్మెట్ తడుముకుంది. కూర్చున్నపాటునే జరుగుతూ జరుగుతూ ఇసుక కుప్ప దగ్గరకు వచ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి.

ఆయన ఏడుస్తున్నాడు. అరవై రెండేళ్ల మనిషి, రైల్వేలో ఎవరి ముందూ కన్నీరు పెట్టనివాడు, తెల్లారగట్ల నడిసందులో ఇసుకలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. మధ్యమధ్యలో నవ్వు కూడా వచ్చేస్తోంది. లోపల ఏళ్ల తరబడి బిగుసుకుని ఉన్నదేదో వదులైపోయి, ఊపిరి కడుపు దాకా దిగుతున్నట్టు ఆయనకు తెలుస్తూనే ఉంది. ఎవరింటి కిటికీయో తెరుచుకుంది. చూస్తే చూడనీ అని ఇద్దరూ కదల్లేదు.

ఏడుపు నెమ్మదించాక ఆయన ముక్కు తుడుచుకుని అన్నాడు.

"ఆడి పేరు మనోజ్."

ఎవరి పేరని ఆవిడ అడగలేదు. విచారణ కాగితాల్లో చదివిన నాటి నుంచి ఆయన ఆ పేరు ఒక్కసారీ పైకి అనలేదని ఆవిడకు చెప్పకుండానే అర్థమైంది.

"తిప్పడానికుంటే, ఆడికీ తిప్పీసుందును, నూకాలూ."

"తిప్పీసుందువు" అంది నూకాలమ్మ, ఆయన మీసాల్లోంచి ఇసుక దులుపుతూ. "ఇప్పుడు నాకు తెలుసు."