సిద్ధలింగమ్మ స్కానింగు

నారాయణఖేడ్ బస్టాండు వెనక సందులో ఉన్న స్కానింగు సెంటరుకు డాక్టరు ఫర్హీన్ వారానికి ఒక్కరోజే, గురువారం నాడు జహీరాబాద్ నుంచి వచ్చేది. 2009 ఎండాకాలంలో ఒక గురువారం పదింటికి ఆమె వచ్చింది, కరెంటు పోయింది. పన్నెండు దాకా రాదు. జనరేటరు ఉంది గానీ నెల రోజులుగా మరమ్మతులో ఉంది.

కరెంటు పోవడం ఖేడ్ వాళ్ళకు కొత్తేం కాదు. చిక్కంతా నీళ్ళతో వచ్చింది. ఈ స్కానింగుకు మూత్రాశయం నిండుగా ఉండాలి, అప్పుడే తెర మీద లోపలి సంగతి సరిగా కనిపిస్తుంది. అందుకని కాంపౌండరు నందీశ్వర్ పొద్దున్నే ఆరుగురి చేత తలా లీటరు నీళ్ళు తాగించి, పిలిచేదాకా ఎవరూ లేవొద్దని చెప్పి కూర్చోబెట్టాడు. ఇప్పుడు ఆ ఆరుగురూ రెండు గంటలు బిగబట్టుకోవాలి.

ఆ ఆరుగురిలో సిద్ధలింగమ్మ ఒకతె. పక్కన ఆమె భర్త జగదేవప్ప, బజారులో కిరాణా దుకాణం ఆయనది. ఈ ఏడు ఆమెకు నాలుగుసార్లు చలిజ్వరం, మూత్రంలో మంట వచ్చాయి. మాత్రలు వేసుకుంటే తగ్గడం, నెల తిరక్కుండా మళ్ళీ రావడం. నాలుగోసారి ఊళ్ళో డాక్టరు చీటీ మీద మందు రాస్తూ రాస్తూ ఆగి, కిడ్నీలు పాడయ్యాయేమో ముందు చూపించుకొమ్మన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి జగదేవప్పకు అన్నం సయించడం లేదు. భయం వేస్తే కొందరికి నోరు పడిపోతుంది. ఈయనకు లేస్తుంది.

"మా ఆమె సంగతి మీకెరుక లేదు," అన్నాడు గదిలో అందరికీ వినబడేటట్టు. "బీదర్ కు పెండ్లికి పోతే, తెల్లారి బస్సెక్కినామె మళ్ళ రాత్రి ఇంటికొచ్చేదాక ఒంటికి లేవది. గట్టి మనిషి."

గట్టి మనిషి చేతిసంచీలోంచి పత్తి తీసి దీపానికి వత్తులు చేసుకుంటోంది. మిగతావాళ్ళ ముఖాలు చూస్తే జాలేసేది. కంగ్టి నుంచి వచ్చిన బడిపంతులు కాలు మీద కాలు వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు, ఆ తర్వాత ఎవరు పలకరించినా జవాబివ్వడం మానేశాడు. మనూర్ దారిలో ఆటో నడిపే అలీముద్దీన్ నడుములో రాయి ఉందని వచ్చినవాడు. ఒక లీటరు సరిపోదేమోనని సొంత తెలివితో రెండు తాగాడు. ముప్పావు గంట గడిచేసరికి అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"నందీశ్వర్, నాతోని అయితలేదు," అని చెప్పి, అనుమతి రాకముందే పాయిఖానాలోకి పరుగెత్తాడు. బయటికి వచ్చినప్పుడు ముఖం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. నందీశ్వర్ నీళ్ళ జగ్గు చేతికిచ్చాడు.

"మళ్ళ మొదటి నుంచి తాగాలె."

"ఇదేం ఇన్సాఫ్," అన్నాడు అలీముద్దీన్, కానీ తాగాడు.

అతని వెనకే పంతులు లేచాడు. పదకొండున్నరకల్లా మిగతా ముగ్గురూ లేచారు. జగదేవప్పను ఎవరూ బిగబట్టుకొమ్మనలేదు గనక ఆయన మూడుసార్లు టీ తాగి, మూడుసార్లు సందు చివరి గోడ దాకా పోయి వచ్చాడు. కరెంటు వచ్చేసరికి నీళ్ళు నిలిచి ఉన్నది ఒక్క సిద్ధలింగమ్మకే.

"చూసిన్రా?" అన్నాడు జగదేవప్ప. పొద్దుటి నుంచి ఆయనకు కలిగిన ఒకే ఒక సంతోషం అది.

భార్య వెంట ఆయన కూడా లోపలికి పోయాడు. ఫర్హీన్ తెర వైపు చూసి కళ్ళద్దాలు సర్దుకుంది.

"అర లీటరుకే మనిషి ఆగమాగం కావాలె. ఈమెకు లీటరుకు దగ్గరున్నది. నొస్తలేదా అమ్మా?"

"లేదు బిడ్డా."

"రోజుకు ఎన్నిసార్లు పోతవు?"

"రెండుసార్లు. తెల్లారకముందు ఒకపారి, పొద్దుగుంకినంక ఒకపారి. చెల్క దిక్కు, చేనుగట్టుకు."

"పగటీలి?"

సిద్ధలింగమ్మ నవ్వింది. ఏమీ తెలియని పిల్ల ఏదో అడిగినట్టు ఉంది ఆ నవ్వు. "పగటీలి ఎట్ల పోతరు? అందరు చూస్తరు. గందుకే పొద్దున నీళ్ళు తాగను. పెండ్లైనప్పటి సంది, ముప్పై ఏండ్లు, ఇట్లనే."

ఫర్హీన్ జగదేవప్ప వైపు తిరిగింది. "ఇంట్ల లెట్రిన్ లేదా?"

ఈ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు ఎప్పుడో తయారైంది, ఎందరికో చెప్పాడు కూడా. మెడలో లింగం కట్టుకున్న కుటుంబం మాది, పూజగదీ పాయిఖానా ఒకే కప్పు కింద ఎట్లా ఉంటాయి అనేవాడు. సందు చివరి గోడ దగ్గరికి పోయేటప్పుడు మాత్రం ఆ నియమం ఆయనకు అడ్డం వచ్చేది కాదు. ఇవాళ ఆయన నోట వేరే మాట వచ్చింది.

"కట్టాలె," అన్నాడు.

"రక్తాన్ని కిడ్నీలు వడబోస్తయ్," అంది ఫర్హీన్. "ఆ నీళ్ళు రెండు సన్న గొట్టాలల్లకెల్లి దిగి ఈ సంచిల పడ్తయ్. సంచి నిండుతుంటే, ఇగ పొమ్మని చెప్తది. ఈమె పోలేదు. ముప్పై ఏండ్లు చెప్పి చెప్పి సంచి చెప్పుడే బంద్ చేసింది. సాగిపోయిన సంచి మొత్తం పిండుకోదు, అడుగున కొంత మిగుల్తది. మిగిలిన దాంట్ల క్రిములు పెరుగుతయ్. మీ జ్వరాలన్ని గక్కడికెల్లే వస్తున్నయ్."

అడుగున పాత నూనె ఉన్న డబ్బాలో కొత్త నూనె పోయకూడదని దుకాణంలో రోజూ పోరేది జగదేవప్పే. ఆయనకు ఇంకొకరు విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. పొద్దుటి నుంచి గది నిండా తాను పొగిడింది జబ్బునేనని తెలిసి చెవులు కాలిపోయాయి.

"కిడ్నీలు?" అని అడిగాడు చిన్నగా.

"ఇంక మంచిగనే ఉన్నయ్. ఇట్లనే నడిస్తే నీళ్ళు ఎనుకకు తన్ని అవి గూడ ఖరాబైతయ్. అమ్మా, ఇప్పుడు ఒంటికి పొయ్యి రా, లోపట ఎంత మిగుల్తదో చూస్త. దానంతట అది రాకుంటే గొట్టం ఏసి ఇయ్యాల్నే హైదరాబాద్ తోలాలె."

సిద్ధలింగమ్మ పాయిఖానాలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఐదు నిమిషాలైంది, పది అయింది. బయట జగదేవప్ప నిలబడలేక, కూర్చోలేక తిరుగుతున్నాడు. పావుగంటకు తలుపు తట్టాడు.

"ఏమైందే?"

"వస్తలేదు రీ." వాళ్ళది కన్నడం మాట్లాడే ఇల్లు, భర్తను ఆమె ఎప్పుడూ అట్లాగే పిలిచేది. గొంతు ఏడుపులా ఉంది. "ఎలుగుల వస్తలేదు, చీకటైతేనే వస్తది. పైనకెల్లి ఎండ మొకం మీద పడ్తుంది. ఎవరో చూసినట్టే ఉన్నది."

జగదేవప్ప లైటు ఆర్పాడు. అయినా పైనున్న కిటికీ సందులోకి తెరిచి ఉంది, మిట్టమధ్యాహ్నం ఎండ. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, నందీశ్వర్ స్టూలు లాక్కుని బయటికి నడిచాడు. స్టూలెక్కి, భుజం మీది పైపంచె రెండు మడతలు వేసి, రెండు చేతులూ చాపి కిటికీకి అడ్డం పట్టాడు. పొట్ట గోడకు ఆనింది. బజారులో ఎదురుపడితే జనం పక్కకు తప్పుకునే పెద్దమనిషి ఆ అవతారంలో సందు మధ్య వేలాడుతుంటే నలుగురు ఆగకుండా ఎట్లా ఉంటారు? ఆగారు. మళ్ళీ లీటరు తాగిన అలీముద్దీన్ కూడా బయటికొచ్చాడు.

"ఏం చేస్తున్నవ్ సేట్?"

ఇంకో రోజైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. "లోపట మా ఆమె ఉన్నది," అన్నాడు. "ఎలుగుంటే ఆమెకు ఒంటికి రాదు. ఇన్నేండ్లు నేను ఇంట్ల లెట్రిన్ కట్టియ్యలే. చీకటి చేస్తున్న."

నవ్వడానికి సిద్ధమైన నోళ్ళు అట్లాగే ఉండిపోయాయి. అలీముద్దీన్ ఒక ఇటుక తెచ్చి దాని మీద నిలబడి, ముఖం సందు వైపు తిప్పుకుని, జారుతున్న పంచె కొస పట్టుకున్నాడు. మళ్ళీ తాగిన నీళ్ళతో అతను అప్పటికే ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతున్నాడు.

లోపల కొంచెం చప్పుడైంది. సన్నగా మొదలై ఆగిపోయింది. జగదేవప్ప ఊపిరి బిగబట్టాడు.

"ఏన్రీ, ఎవరన్న వస్తున్నరా?" అంది లోపలి నుంచి సిద్ధలింగమ్మ.

ముప్ఫై ఏళ్ళుగా రోజుకు రెండుసార్లు చేలగట్టు మీద ఆమె ఈ మాట చీకటిని అడుగుతూ ఉండి ఉంటుంది. అది తట్టేసరికి జగదేవప్ప కళ్ళు నిండిపోయాయి. రెండు చేతులూ పైన ఉన్నాయి గనక తుడుచుకోవడానికి లేకపోయింది. సందులో నిలబడ్డ నలుగురినీ కళ్ళతోనే బతిమాలాడు. వాళ్ళు అటు తిరిగారు.

"ఎవ్వరు వస్తలేరు," అన్నాడు. "నేనున్న. నిమ్మళంగ కానియ్యి."

చప్పుడు మళ్ళీ మొదలైంది, ఈసారి చాలాసేపు ఆగలేదు.