సోఫా వేసిన చోటు

ముగింపు గీత దాటిన ముప్పై మీటర్లకే రోడ్డుకు అడ్డంగా వేదిక కట్టేశారు. మూడు సోఫాలు, వాటి మీద తెల్ల తువ్వాళ్లు, పక్కన బల్ల మీద శాలువాలు, బంతిపూల దండలు. గెలిచినవాడు సైకిల్ దిగీ దిగకముందే ముఖ్య అతిథి దండ వెయ్యాలి, ఫొటో పడాలి. ఆ ఫొటో కోసమే ఇదంతా.

షారోన్ కొలతల టేపు చుట్టి జేబులో పడేసింది. ఈ రేసు భద్రతాధికారి ఆమే. ఆమె సంతకం లేకుండా రేసు మొదలవదు. పొద్దున ఏడైంది. పదకొండుకల్లా డెబ్బైమంది ప్రొఫెషనల్ రైడర్లు తార్నాక మలుపు తిరిగి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి దూసుకొస్తారు, గంటకు అరవై అయిదు కిలోమీటర్ల వేగంతో.

"వేదిక తీసెయ్యండి అంకుల్. లేకుంటే సంతకం పెట్టను."

ఆనందరావు రేసు నిర్వాహకుడు. తార్నాక చర్చిలో ఆమె నాన్న పక్కనే కూర్చునే మనిషి. "సండే స్కూల్ నుంచి చూస్తున్నా నిన్ను, ఇంత పెంకితనం ఎక్కడిదమ్మా? వాళ్లకి బ్రేకులుంటాయి కదా!"

"బ్రేకులున్నయ్. పగలడానికి తలలు కూడా ఉన్నయ్."

రెండేళ్ల కిందట ఇదే రేసు, ఆడవాళ్ల పోటీ. బారికేడ్ ఇనుప కాలు జానెడు రోడ్డు మీదికి పొడుచుకొచ్చి ఉంది. అందులో తొక్కుతున్న షారోన్ చక్రం దానికి తగిలింది. భుజంలో స్టీలు ప్లేటు ఇప్పటికీ ఉంది. అప్పుడు ఆనందరావు ఆస్పత్రికి ఆపిల్ పళ్లు తెచ్చి, "దేవుడి చిత్తం తల్లీ" అన్నాడు. ఆ ఇనుప కాలు రోడ్డు మీద పెట్టింది దేవుడు కాదు. ఆ మాట ఆరోజు ఆమె నోట్లోనే ఉండిపోయింది.

"సరే, ఒక పని చెయ్యండి. ముఖ్య అతిథి సోఫాలో మీరు కూర్చోండి. పరుశురాం ఫుల్ స్పీడులో వస్తాడు. కదలకుండా కూర్చుంటే ఇప్పుడే సంతకం పెడతా."

మాణికేశ్వర్ నగర్ పరుశురాం పాత రేసర్. రేసుకు ముందు దారి తొక్కి చూసే పని అతనిది. షారోన్ అతని చెవిలో ఏదో చెప్పింది. "గట్లనే చెల్లె" అని నవ్వి వెళ్లాడు.

ఆనందరావు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. బారికేడ్లు మోస్తున్నవాళ్లంతా ఆగి చూస్తున్నారు. దూరంగా చుక్కలా కనపడ్డ సైకిల్ చూస్తుండగానే మనిషయింది. తల వంచి తొక్కుతున్నాడు. ఆనందరావు కాలు కిందికి దిగింది. చెయ్యి సోఫా అంచు పట్టుకుంది. మరుక్షణం సోఫాలో మనిషి లేడు. కాలికి తువ్వాలు చుట్టుకుని దండల బల్ల వెనక తేలాడు.

గీతకు వంద మీటర్ల ముందే బ్రేకు పట్టమని షారోన్ ఇందాక అతని చెవిలో చెప్పింది. అతను అలాగే పట్టి, గీతకు ముందే ఆగాడు.

"నేనింక గీత ముట్టనే లే సార్, మీరెటు పోతున్రు?"

అందరూ పగలబడి నవ్వారు. షారోన్ నవ్వలేదు. "ఒక్కడొస్తుంటేనే లేచారు. డెబ్బైమందొస్తే? ముఖ్య అతిథికి డెబ్బై రెండేళ్లు. ఆయన మీలా ఉరకగలడా?"

ఆనందరావు తువ్వాలు విప్పుకున్నాడు. దాన్ని మడుస్తూ, "ఎక్కడ వెయ్యమంటావ్?" అన్నాడు.

"రెండొందల మీటర్లు అవతల, రోడ్డు పక్కన. బారికేడ్ల కాళ్లు రోడ్డు వైపు ఉండొద్దు. దండలు పట్టుకుని ఒక్కరూ గీత దగ్గరికి రావద్దు."

"ఆయనకి గీత కనపడదు కదమ్మా!"

"టీవీ పెట్టించండి."

వేదిక కదిలాక సంతకం పెట్టింది.

పదకొండు దాటాక గుంపు వచ్చింది, ఉరుములా. గీత దాటగానే ఇద్దరి హ్యాండిళ్లు తగులుకున్నాయి. దిలీప్ అనే కుర్రాడు పడి, సైకిల్‌తో సహా జారుకుంటూ పోయాడు. పొద్దున సోఫాలు వేసిన చోటు మీదుగా జారి, ఇంకో పది మీటర్లు పోయి ఆగాడు. అక్కడ ఖాళీ రోడ్డు తప్ప ఏమీ లేదు. లేచాడు. మోచెయ్యి చీరుకుపోయింది. ముందు చక్రం తిప్పి చూసుకున్నాడు, తర్వాతే మోచెయ్యి.

షారోన్ ఊపిరి వదిలింది. పక్కన ఆనందరావు ఆ చోటునే చూస్తున్నాడు.

"దేవుడి చి..."

"దేవుడు కాదు అంకుల్. వేదిక మీరు తీయించారు."