అమ్మ వేషం

పిల్లల నవల అచ్చయిన దగ్గర్నుంచి పబ్లిషర్ రచయిత్రిని ఇంట్లో కూర్చోనివ్వలేదు. బడి బడికీ తిప్పాడు. "మీరు ఊరికే చదివితే పిల్లలు ఆవలిస్తారు మేడమ్. ఒక సీను ఆడించండి" అన్నది అతని సలహా. అతనికి పుస్తకమంటే ఇష్టం, అమ్మకమంటే ప్రాణం.

సీను చిన్నదే. ఒక తల్లీ, కూతురూ బస్టాపులో నిలబడి ఉంటారు. అక్కడున్నవాళ్ళు ఆ పిల్ల నల్లటి ముఖాన్ని ఎగాదిగా చూసి, "నువ్విక్కడిదానివి కాదుగా, మీ దేశానికి పో" అంటారు. అప్పుడు తల్లి తిరగబడి పేజీన్నర ఉపన్యాసం దంచుతుంది. చదివిన పెద్దవాళ్ళంతా సరిగ్గా అక్కడే కళ్ళు తుడుచుకున్నారు.

కథ గాల్లోంచి ఊడిపడలేదు. రచయిత్రి తమ్ముడు దూరదేశపు నల్లజాతి అమ్మాయిని పెళ్ళాడాడు. వాళ్ళ కూతురే, అంటే ఆవిడ మేనకోడలే, నవలలో పిల్ల. రాతప్రతి చదివి మరదలు ఒక్క మాట అంది: "రాసుకోండి వదినా. నా పిల్లని మాత్రం స్టేజీ ఎక్కించకండి." రచయిత్రి ఆ మాట తప్పలేదు. మేనకోడల్ని ఏ సభకీ తీసుకెళ్ళలేదు. అందుకు తనను తాను కాస్త మెచ్చుకుంది కూడా.

వేషాలు పంచే పని మాత్రం టీచర్లకు వదిలేసింది. మొదటి బడిలో టీచరు క్లాసంతా కలయజూసి, నల్లగా ఉన్న పిల్లను పట్టుకుని, "రామ్మా, ఇది నీకైతే సరిగ్గా సరిపోతుంది" అంది. రెండో బడిలోనూ అదే తంతు. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కారు. పిల్లకి ఒక అవకాశం ఇస్తున్నామనే అనుకున్నారు. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. రచయిత్రికి ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది గానీ, ఫొటోలు చూసుకునే సంబరంలో పట్టించుకోలేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు. ఆవిడకీ ఎదురైంది. చూసీ చూడనట్టు ముఖం తిప్పుకుంది.

మూడో బడిలో కార్యక్రమం ఆటల హాల్లో పెట్టారు. బాస్కెట్‌బాల్ రింగు కింద మైకు, దాని ముందు మడత కుర్చీలు. టీచరమ్మ వేలు ఇక్కడా తిరిగి తిరిగి, క్లాసులో అందరికన్నా నల్లగా ఉన్న పిల్ల మీదే వాలింది. బూటు లేసు ఊడి వేలాడుతుండగా ఆ పిల్ల లేచి మైకు దగ్గరికి వచ్చింది.

"నేను కూతురు వెయ్యను టీచర్. అమ్మ వేస్తాను."

"అది పెద్ద పార్టమ్మా, బోలెడు డైలాగుంది. నీకు కూతురైతేనే బాగుంటుంది."

"అది రోజూ వేస్తూనే ఉన్నాగా."

రచయిత్రి చెవులు వేడెక్కాయి. ఈసారి ముల్లు బాగా లోపలికి దిగింది. "అమ్మే వెయ్యనివ్వండి" అంది.

"సరే, మరి కూతురెవరు?" అని అడిగింది టీచరమ్మ. బస్టాపు జనం వేషానికి పోటీపడి లేచిన చేతులన్నీ ఒళ్ళోకి దిగిపోయాయి. పబ్లిషర్ గడియారం చూసుకున్నాడు. అమ్మ ఒక్కతే మైకు దగ్గర నిలబడి ఉంది.

ఇంకాసేపు ఇలాగే నిలబెడితే ఆ పిల్ల రేపట్నుంచి ఈ క్లాసులో దేనికీ నోరు తెరవదని రచయిత్రికి అర్థమైంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, వెళ్ళి పక్కన నిలబడింది.

"నేను వెయ్యనా కూతురు?"

పిల్ల ఆవిడను కిందినుంచి పైదాకా చూసింది. "మరీ పొడుగున్నారు. కాస్త వంగండి."

బస్టాపు జనం మొదలుపెట్టారు. "ఇక్కడిదానివి కాదుగా!" "మీ దేశానికి పో!" అరుస్తున్నకొద్దీ హుషారొచ్చి, పుస్తకంలో లేనివి కూడా తగిలించారు. అవెక్కడ నేర్చారని ఎవరూ అడగలేదు. మిగతావి రచయిత్రి రాసిన మాటలే, కాగితం మీద భలే కుదిరాయని ముచ్చటపడినవే. అవి ముఖం మీద వచ్చి పడుతుంటే ఎటు చూడాలో తోచలేదు. పిల్లని స్టేజీ ఎక్కించొద్దని మరదలు ఎందుకందో అప్పుడు తెలిసింది. భయమేసింది కూడా. ఇక తల్లి ఉపన్యాసం రావాలి. గబగబా పుస్తకం తెరిచి ఆ పేజీ అందించబోయింది.

పిల్ల పుస్తకం వైపు చూడలేదు. రచయిత్రి చెయ్యి గట్టిగా పట్టుకుని, తల వంచుకుని, పెదవులు కదిపీ కదపకుండా అంది.

"వినపడనట్టే నడు. ఇంటికెళ్ళాక ఏడుద్దువు గానీ."

మైకు ఆ మాటను హాలంతా వినిపించింది. అరుపులు ఆగిపోయాయి.

పిల్ల మాత్రం ఆగలేదు. కూతుర్ని లాక్కుంటూ మడత కుర్చీల మధ్యనుంచి తలుపు వైపు నడిచింది. వంచిన నడుము ఎత్తకుండానే రచయిత్రి వెంట నడిచింది. వెనక నుంచి, "అయిపోయిందా? అంతేనా?" అంటోంది టీచరమ్మ.

వరండాలోకి వచ్చాక పిల్ల చెయ్యి వదిలేసి, కింద కూర్చుని బూటు లేసు ముడేసుకుంది. తర్వాత తలెత్తి చూసింది.

"ఇల్లొచ్చేసింది" అంది. "ఇప్పుడేడవచ్చు."

రచయిత్రి అప్పటికే ఏడుస్తోంది.