మూడు గంటల రొట్టె

నెల మొదటి ఆదివారం మా చర్చిలో అందరం పంచుకుని తినే ప్రభు బల్లకు రొట్టె కాల్చేది నేను. ఇరవై రెండేళ్లుగా నేనే. ఆ రొట్టె నా మొగుడి నోటికి అందకుండా చేసినవాడు టిమోతి. వాడి పేరు వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మా ఆయన స్తెఫను గనిలో పంపు ఆపరేటరు. పంపు ఆగితే గని నీళ్లతో నిండుతుంది కాబట్టి ఆదివారం పొద్దున కూడా డ్యూటీ తప్పదు. అలాంటివాళ్లు మా సంఘంలో ఇంకో ఐదుగురున్నారు. షిఫ్టు దిగి మూడింటికి వచ్చే వాళ్ల కోసం రొట్టెను తెల్లగుడ్డ కింద ఉంచడం గోదావరిఖనిలో మా గుడి కట్టిన నాటి నుంచీ ఉన్న పద్ధతి. జ్యోతినగర్‌లో ఉండే ఇంజనీరు టిమోతి సంఘానికి సెక్రటరీ అయ్యాక దాన్ని తీసేశాడు. "ఒక్క సంఘానికి రెండు బల్లలు ఏంది? ఐక్యత ఉండాలె" అన్నాడు. ఐక్యతట! మా పాస్టరు అయ్యగారు కూడా తల ఊపారు.

ఆరు నెలలు ఓర్చుకున్నాం. నిన్న సాయంత్రం స్తెఫను తేల్చి చెప్పాడు. "రేపు గూడ రొట్టె దొరకకపోతే మా ఆరిండ్లోళ్లం బసంత్‌నగర్ల వేరే గుడి పెట్టుకుంటం. నువ్వు అక్కడికే రొట్టె కాల్చాలె."

ఈ గుడి గోడలకు ఇటుకలు మోసిన మనిషి ఆయన. నాకు ఏడుపొచ్చింది. మా గుడి రెండు ముక్కలవడం నేను బతికుండగా చూడలేను.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. రొట్టె విరిచే ముందు, ఎవరి మీదైనా కోపం ఉన్నవాళ్లు లేచి నిలబడమని అయ్యగారు అడుగుతారు. నిలబడ్డవాళ్లు కూర్చునే దాకా రొట్టె విరవరు. నాకు బుద్ధి తెలిశాక ఎవరూ లేచింది లేదు. కోపాలు లేక కాదు, సిగ్గుకు.

ఇవాళ నేను లేచాను.

"ఎవరి మీదమ్మా?" అన్నారు అయ్యగారు.

"టిమోతి మీద."

టిమోతి మొహం మాడిపోయింది. "ఏంది సుసన్నక్కా గిది? నీ పంతానికి అందరిని ఉపాసం ఉంచుతవా?"

"ఒక్కటే బల్ల కావాలన్నది నువ్వే గద? మావోళ్లు మూడింటికి వస్తరు. అందరం ఒక్కసారే తిందాం. అప్పటిదాంక కూసోను."

గోడ గడియారంలో పదకొండున్నర.

"గుడిని బజారు చేసినవ్ గదక్కా" అంది వాడి భార్య శాలిని.

"చేసింది నీ మొగడు" అన్నాను.

పిల్లలున్నవాళ్లు ఇళ్లకు పోయి తినిపించుకుని వచ్చారు. పెద్దవాళ్లు నన్ను తిట్టుకుంటూ కూర్చున్నారు. రెండింటికి కళ్లు తిరిగితే ముందు బెంచీ పట్టుకున్నాను. టిమోతి మాత్రం కదల్లేదు. లేచి వెళితే ఓడినట్టవుతుందని నన్నే గుర్రుగా చూస్తూ కూర్చున్నాడు.

మూడింటికి సైరన్ మోగింది. కాసేపటికి ఆరుగురూ బురద బూట్లు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చారు. గుడి నిండా జనాన్ని, నిలబడి ఉన్న నన్ను చూసి స్తెఫను ఆగిపోయాడు.

"మీ కోసమే ఆగినం" అని చెప్పి కూర్చున్నాను.

అయ్యగారు రొట్టె విరిచారు. స్తెఫను తన ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగి, "బసంత్‌నగర్ ముచ్చట ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

పళ్లెం నా దగ్గరికి వచ్చింది. మావాళ్లు వచ్చారు కాబట్టి కూర్చున్నాను గానీ, టిమోతి మీద కోపం ఇసుమంతైనా తగ్గలేదు. ఆ కోపంతో ఈ రొట్టె తింటే దేవుడి ముందు అబద్ధమాడినట్టే. ముట్టుకోకుండా పళ్లెం పక్కకు జరిపాను. మగవాళ్ల వైపు టిమోతి కూడా జరిపేశాడు.

చివరికి రెండు ముక్కలు మిగిలాయి. అయ్యగారు వాటి మీద తెల్లగుడ్డ కప్పి మా ఇద్దరి వైపు చూశారు.

"ఇవి మీ ఇద్దరియి. ఎప్పుడొస్తరో రండ్రి."