అంచులు చూసే వేళ్ళు

నాకు ముక్కు మీదే కోపం. బందరులో అద్దకం బట్టలకి చెక్క అచ్చులు చెక్కే ఇమామ్ సాహెబ్ ఎలాంటివాడని అడగండి, నా పనితనం గురించి తరవాత చెబుతారు, ముందు నా నోటి గురించి చెబుతారు. తొంభై ఎనిమిది ఎండాకాలంలో మా కోడలు ఖుర్షీదా ఒక్క మాట అంటే ఆ నోరంతా వాడేశాను. ఆ మాట ఆలియా చదువు గురించి.

ఆలియా నా మనవరాలు. నా కొడుకు వసీం కృత్తివెన్నులో రొయ్యల చెరువుల దగ్గర కాపలా. వారానికొకసారి ఇంటికొస్తాడు. పిల్లకి నాలుగేళ్ళప్పుడు తట్టు పోసి రెండు కళ్ళూ పోయాయి. బెజవాడ దాకా తిప్పాం. ఇంక రావన్నారు. మా వీధి బడిలో వినికిడి మీదే అయిదో తరగతి దాకా వచ్చింది. ఒకసారి చెబితే పాఠమంతా అప్పజెప్పేది. హైస్కూలుకి తీసుకెళ్తే మాత్రం హెడ్మాస్టరు గారు తల అడ్డంగా ఊపారు. ఆరు నుంచి అన్నీ రాత పరీక్షలేనండీ, మా వల్ల కాదు అన్నారు.

మా బజారు చివర మల్లికార్జునరావు గారి ప్రైవేటు బడి ఉంది. ఆయన్ని అడిగాను. "చివరి బెంచీలో కూర్చుని వింటుంది లెండి సాహెబ్ గారూ. పరీక్షలు ఎవరితోనో ఒకళ్ళతో రాయిద్దాం. పాస్ సంగతి నాకొదిలెయ్యండి" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్ల పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. ఇంకేం కావాలి?

ఖుర్షీదా మాత్రం అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా అంది. "గుడివాడలో చూపులేని పిల్లల బడి ఉందంట మావయ్యా. ఆరు నుంచి పది దాకా. హాస్టలు కూడా ఉందంట. అక్కడ చేర్పిద్దాం."

కంచం ముందు నుంచి లేచిపోయాను. "నా మనవరాల్ని గుడ్డి బడిలో పడేస్తావా? దాని జడ ఎవరు వేస్తారు? జ్వరమొస్తే ఎవరు చూస్తారు? నలుగురూ ఏమనుకుంటారు?" నోటికొచ్చిందల్లా అన్నాను.

"చివరి బెంచీలో కూర్చుంటే దానికి రాయడం ఎప్పుడొస్తుంది మావయ్యా?"

"రాయడం రాకపోవడమేంటి? అక్షరాలన్నీ నేను నేర్పలేదూ?"

అది నిజమే. ఆలియాకి ఆరేళ్ళప్పటి నుంచీ ఒక్కో అక్షరం టేకు చెక్క మీద ఉబ్బెత్తుగా చెక్కి ఇచ్చాను. "వేలు నొక్కకు, ఊరికే ఆనించు" అని చెప్పేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ఏ చెక్క చేతికిచ్చినా రెప్పపాటులో అక్షరం పేరు చెప్పేది. ఖుర్షీదా ఖురాన్ చదువుతుంది గానీ తెలుగు అక్షరం ఎరగదు. వసీంకి తీరిక లేదు. కాబట్టి ఆ గొప్పంతా నాదే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అప్పటికి రెండేళ్ళుగా నాకు చూపు తగ్గిపోయింది. ఎదురుగా ఉన్న మనిషిని పోల్చుకుంటాను గానీ, ఉలి మొన దగ్గర అంతా మసక. నలభై అయిదేళ్ళ అలవాటు కాబట్టి చెయ్యి దాని దారిన అది చెక్కుకుపోయేది. కానీ అచ్చుకి అంచు ప్రాణం. ఎక్కడ చిన్న పేడు లేచి ఉన్నా బట్ట మీద రంగు అలుక్కుపోతుంది, పెడన అద్దకం వాళ్ళు ఆ అచ్చు మొహాన కొట్టి పంపిస్తారు. పోనీ వేళ్ళతో తడిమి చూద్దామా అంటే, ఉలి పట్టీ పట్టీ నా వేళ్ళ కొసలన్నీ కాయలు కాసిపోయాయి. వేడి టీ గ్లాసు పట్టుకున్నా నాకు తెలియదు.

అందుకని ఆలియా చూసేది. బడి నుంచి రాగానే నా పక్కన చాప మీద కూర్చుని, చెక్కిన అచ్చు మీద వేలు పోనిచ్చేది. "దాదా, ఈ ఆకు తొడిమ దగ్గర పేడు ఉంది. ఈ పువ్వు రేక ఒకటి పొట్టిగా వచ్చింది" అనేది. నేను సరిచేసేవాణ్ణి. పెడన వాళ్ళు సాహెబ్ చెయ్యి ఇంకా తగ్గలేదు అని మెచ్చుకునేవాళ్ళు. మీ అమ్మతో అనకు అని పిల్ల దగ్గర మాట తీసుకున్నాను.

ఇప్పుడు తెలిసిందిగా నాకు గుడివాడ ఎందుకు గిట్టలేదో. జడా కాదు, జ్వరమూ కాదు. పిల్ల మీద ప్రేమ లేదా అంటే, ఉంది. ఆ ప్రేమలో నా అవసరం ఎంత కలిసిపోయిందంటే, ఏది ఏదో నాకే తెలియకుండా పోయింది.

ఖుర్షీదా ఎదురు మాట్లాడదు, కానీ పట్టు వదలదు. వారం రోజులు ఊరుకుని మళ్ళీ అదే మాట ఎత్తింది. "ఒక్కసారి చూసొద్దాం మావయ్యా. మీకు నచ్చకపోతే మల్లికార్జునరావు గారి బళ్ళోనే వేద్దాం." ఆ షరతు నాకు నచ్చింది. నచ్చలేదనడం ఎంతసేపు?

జూన్ మొదట్లో ముగ్గురం పొద్దుటి పాసింజరు ఎక్కాం. నచ్చితే ఉంచేసి రావచ్చని ఖుర్షీదా పిల్ల బట్టలు కూడా సంచిలో సర్దింది. అది చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. పెడనలో ఎవరో కొత్త అద్దకం బట్టల మూటలతో ఎక్కారు. "మన అచ్చులతో వేసినవేనా దాదా?" అని ఆలియా నా చెవిలో అడిగింది. అయ్యుంటాయన్నాను.

ఆ బడి గుడివాడలో రైలు గేటు దాటాక ఉంది. పొడుగాటి పెంకుటిల్లు, ముందు వరండా. లోపల పిల్లలు తడుముకుంటూ గోడలు పట్టుకుని ఉంటారనుకున్నాను. నన్ను గుద్దుకోకుండా ఇద్దరు పిల్లలు పరిగెత్తారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వచ్చి, "నా పేరు శ్రీదుర్గ అండీ, మాది దివిసీమ, నాగాయలంక. హెడ్మాస్టరు గారు లోపల ఉన్నారు, రండి" అని మమ్మల్ని తీసుకెళ్ళింది. తనకీ చూపు లేదు. మా ముందు నడిచింది.

హెడ్మాస్టరు దేవసహాయం గారికీ చూపు లేదు. నల్ల కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా. పిల్లకి ఏమేం వచ్చని అడిగారు. నేను గొంతు సవరించుకున్నాను.

"తెలుగు అక్షరాలన్నీ వచ్చండీ. చెక్క మీద చెక్కి నేనే నేర్పాను."

"మంచిదండీ. మా దగ్గరా చెక్క అక్షరాలున్నాయి" అంటూ ఆయన సొరుగులోంచి ఒక పెట్టె తీసి, ఒక అక్షరం ఆలియా చేతిలో పెట్టారు.

అది వేలు పోనిచ్చి ఆగింది. "ఇది 'క' సార్. కానీ తిరగబడింది."

ఆయన ఇంకొకటి ఇచ్చారు. "ఇది 'చ'. ఇదీ తిరగబడింది సార్."

మూడోదీ అంతే. నాకు కోపం వచ్చింది. "మీ అక్షరాలు ఎవరు చెక్కారండీ? పిల్ల చెబుతుంటే వినపడట్లా?" అంటూ ఆ చెక్క లాక్కుని కంటికి ఆనించుకున్నాను.

అక్షరం సరిగ్గానే ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. అచ్చు మీద ఏదైనా ఎడమది కుడికి, కుడిది ఎడమకి చెక్కుతాం. అప్పుడే బట్ట మీద సరిగ్గా పడుతుంది. నలభై అయిదేళ్ళుగా నా చేతికి అదే సరి. పిల్ల కోసం అక్షరాలు చెక్కినప్పుడూ నా చెయ్యి దాని అలవాటు ప్రకారమే పోయింది. అయిదేళ్ళు, అన్ని అక్షరాలూ, పిల్లకి తిరగేసి నేర్పాను. పైగా ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను. ఖుర్షీదా వైపు చూడడానికి నాకు మొహం చెల్లలేదు.

దేవసహాయం గారు నవ్వలేదు. "తమరు ఏం పని చేస్తారండీ?" అని అడిగారు. చెప్పాను. ఆయన చిల్లుల వరసలున్న ఒక రేకు పలకా, పిడి ఉన్న ఒక సూదీ తీశారు. పలకలో దళసరి కాగితం బిగించి ఆలియా ముందు పెట్టారు.

"మేం చదివేవి చుక్కల అక్షరాలమ్మా. ఈ సూదితో కాగితం వెనక నుంచి గుచ్చాలి. కుడి నుంచి ఎడమకి, తిరగేసి. కాగితం తిప్పితే ఇవతల చుక్కలు ఉబ్బుతాయి. ఎడమ నుంచి కుడికి చదువుకుంటాం. కొత్తపిల్లలకి ఈ తిరగెయ్యడం బుర్రకెక్కడానికే నెలలు పడుతుంది."

"అచ్చు లాగే కదా సార్" అంది ఆలియా. "చెక్కేది తిరగేసి, పడేది సరిగ్గా."

ఆయన చెయ్యి పలక మీదే ఆగిపోయింది. "అవునమ్మా. అచ్చు లాగే" అన్నారు.

దాని పేరులో ఉన్న అక్షరాలు ఎక్కడెక్కడ గుచ్చాలో చెప్పారు. రెండు కాగితాలు పాడు చేసింది. మూడో కాగితం ఆయన తిప్పి వేలితో చదివి, "ఒక్క చుక్క తప్పింది. అయినా ఆలియా అనే ఉంది" అన్నారు. నా చెయ్యి పట్టుకుని ఆ కాగితం మీద ఆనించారు. "చూడండి సాహెబ్ గారూ, మీ మనవరాలి పేరు."

నా వేలికి కాగితం ఉన్నట్టే తెలియలేదు. బాగుందండీ అన్నాను.

"మా బళ్ళో చేరతావా అమ్మా?" అని ఆయన అడిగారు.

"చేరను సార్."

ఖుర్షీదా ఉలిక్కిపడింది. "ఎందుకే?"

"దాదాకి కళ్ళు కనిపించట్లేదమ్మా. అచ్చుల అంచులు నేనే చూస్తాను. రెండేళ్ళయింది. నేను లేకపోతే పెడన వాళ్ళు అచ్చులు తిప్పి పంపేస్తారు. నీకు చెప్పొద్దన్నాడు, కానీ సార్ అడుగుతున్నారుగా."

ఖుర్షీదా నా వైపు తిరిగింది. "అందుకా మావయ్యా?" అంది. తిట్టినా బాగుండేది.

ఆ క్షణంలో నా బుద్ధి ఎటు పోయిందో కూడా చెబుతాను. పిల్లే వద్దంది. నేను నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, మధ్యాహ్నం బండికి ముగ్గురం ఇంట్లో ఉంటాం. నన్ను ఎవరూ ఒక్క మాట అనరు. అలా అనుకున్నాను, అబద్ధమెందుకు.

అప్పుడు ఆలియా ఒళ్ళో ఉన్న కాగితం వైపు చూశాను. చేరనని చెబుతూనే దాని వేలు ఆ కాగితం మీద పేరు చివరిదాకా పోయి మళ్ళీ మొదటికి వస్తోంది. ఆగడం లేదు. నా అచ్చుల మీద దాని వేలు అలా ఎప్పుడూ తిరగలేదు. నా అచ్చుల మీద అది తప్పులే వెతికింది.

"పిచ్చిపిల్లా" అన్నాను. "వేళ్ళతో చూడ్డం నీకు నేర్పిందెవరు? నేనేగా. నువ్వు సరదా పడుతున్నావని నీ చేతికిచ్చాను గానీ, నా అంచులు నేను చూసుకోలేననుకున్నావా?"

"నిజంగా?"

"నిజంగానే. చేర్చుకోండి సార్. ఇవాళే ఉంచేసి వెళ్తాం."

ఖుర్షీదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవసహాయం గారు శ్రీదుర్గని కేకేసి, పిల్లకి మంచం చూపించమన్నారు. ఆలియా లేచి నిలబడి, "చెయ్యి ఇవ్వు దాదా" అంది.

ఇచ్చాను. బొటనవేలితో మొదలుపెట్టి ఒక్కో వేలూ కొస దాకా తడిమింది, అచ్చు అంచు తడిమినట్టే. నెమ్మదిగా, ఏదీ వదలకుండా. మధ్యవేలు దగ్గర ఆగింది. అక్కడ ఏం చేస్తోందో నాకు తెలియలేదు. "గోరుతో అంత గట్టిగా నొక్కుతావేంటే దాదాని?" అని ఖుర్షీదా అంటేనే తెలిసింది.

ఆలియా గోరు తీసేసింది. ఆ వేలిని మాత్రం ఇంకాసేపు పట్టుకునే ఉంది.

"సరే దాదా. నువ్వే చూసుకో" అంది.

తరవాత నా చెయ్యి వదిలి శ్రీదుర్గ చెయ్యి పట్టుకుంది. నేను చెప్పింది అబద్ధమని దానికి తెలుసు. తెలిసే లోపలికి వెళ్ళింది.